నిజాం రాజ్యం ఉండి ఉంటే మనం జెద్దా వచ్చేవాళ్లమా?

పోయిన ఎపిసోడ్‌లో ఒక ఇంగ్లిష్ నవల గురించి మాట్లాడుకున్నాం కదా, 'ది టూ జార్జెస్' అని. 1995లో వచ్చింది. హ్యారీ టర్టిల్‌డవ్ అనే రచయిత, 'జాస్' సినిమా నటుడు రిచర్డ్ డ్రేఫస్ కలిసి రాశారు. ఆ కథలో అమెరికా ఇంగ్లండ్ నుంచి విడిపోదు. రాజు కిందే ఉండిపోతుంది. ఆ రాజు తరఫున అక్కడ గవర్నర్ జనరల్‌గా ఉన్న పెద్దమనిషి ఎవరంటే, సర్ మార్టిన్ లూథర్ కింగ్. నిజ జీవితంలో నల్లవాళ్ల హక్కుల కోసం పోరాడి, 1968లో తుపాకీ గుండుకు బలైన ఆయన, ఆ కథలో రాజు ప్రతినిధి అన్నమాట.

అది విన్నాక ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. నిజామాబాద్ దిక్కు మనిషి, బలద్‌లో పని. "అన్నా, అమెరికా ముచ్చట మనకెందుకే? మన నిజాం రాజ్యం గట్లనే ఉండి ఉంటే ఎట్లుంటుండె? మనం గిట్ల పెట్టె పట్టుకొని జెద్దా వచ్చేటోళ్లమా? మా రూంల దీని మీద లొల్లి లొల్లి అయితుంది."

ఆ లొల్లి ఏంటో చాలామందికి తెలుసు. సెప్టెంబర్ 17 దగ్గర పడుతుంటే ఒకరు విమోచన అంటారు, ఒకరు విలీనం అంటారు, ఇంకొకరు విద్రోహం అంటారు. ఒకే గిన్నెలో కూర వండుకునేవాళ్లు రెండు రోజులు మాట్లాడుకోరు. అందుకే ఈసారి ఎపిసోడ్ మొత్తం ఈ ప్రశ్న మీదే చేశాం. విన్నవాళ్లు గుర్తు చేసుకోడానికి, డ్యూటీ వల్ల వినలేకపోయినవాళ్లు చదువుకోడానికి ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా మూడు ప్రశ్నలు

'రాజు మంచోడా, చెడ్డోడా' అని మొదలుపెడితే మాట తెగదు. ఒకాయన ఉస్మానియా ఆసుపత్రి, నిజాంసాగర్ చూపిస్తాడు. ఇంకొకాయన వెట్టిచాకిరీ, రజాకార్లను చూపిస్తాడు. ఇద్దరూ చెప్పేది జరిగిందే. కాబట్టి రాజును కాసేపు పక్కన పెట్టి, రాజు పక్కన కూర్చుని పాలన నడిపే మనిషిని చూద్దాం. ప్రధానమంత్రి అనండి, దివాన్ అనండి, ఎవరైనా సరే ఆయన గురించి మూడు ప్రశ్నలు అడగొచ్చు.

ఒకటి: ఆయన్ని ఎవరు కూర్చోబెట్టారు?
రెండు: ఆయన మాట రాజు వినకపోతే ఏమవుతుంది?
మూడు: ఆయన లెక్క తప్పితే నష్టం ఎవరికి?

అమెరికాకు రాజు వచ్చే సందు

అమెరికాకు రాజు అనేది ఉత్త నవల ఊహ కాదు. 1782లో ఆ మాట నిజంగానే వచ్చింది. ఇంగ్లండ్‌తో యుద్ధం దాదాపు ముగిసింది. సైనికులకు మాత్రం నెలల తరబడి జీతాలు లేవు. డబ్బు ఇవ్వాల్సిన కాంగ్రెస్ చేతిలో డబ్బు లేదు. అప్పుడు లూయిస్ నికోలా అనే కల్నల్, జార్జ్ వాషింగ్టన్‌కు ఉత్తరం రాశాడు. ఈ గణతంత్రంతో మన పని కాదు, మీరే రాజులా ఏలితే బాగుంటుంది అన్నది దాని సారాంశం. వాషింగ్టన్ మే 22నే జవాబిచ్చాడు. ఇలాంటి ఆలోచన ఇంకెప్పుడూ పెట్టుకోవద్దని గట్టిగా మందలించాడు.

ఇందులో మనకు పనికొచ్చే సంగతి ఒక్కటే. జీతం అందని మనిషికి, తన గోడు వినేవాడు లేనప్పుడు, ఒక గట్టి రాజు ఉంటే బాగుండు అనిపిస్తుంది. రెండు నెలల జీతం ఆగినవాళ్లకు ఆ కల్నల్ బాధ ఇట్టే అర్థమవుతుంది. అయితే ఆ గట్టి రాజు మన మాట వింటాడా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి హైదరాబాద్ పోదాం.

హైదరాబాద్ చివరి ప్రధాని

1947 ఆగస్టులో ఇంగ్లిష్‌వాళ్లు వెళ్లేనాటికి హైదరాబాద్ చిన్న సంస్థానం కాదు. దాదాపు 82 వేల చదరపు మైళ్లు. తెలంగాణ, మరాఠ్వాడా, ఇప్పటి కర్ణాటకలోని బీదర్, గుల్బర్గా, రాయచూరు వైపు జిల్లాలు అన్నీ కలిపి ఒక్క రాజ్యం. 1941 జనాభా లెక్కల్లో కోటీ 60 లక్షల పైచిలుకు జనం. సొంత రూపాయి, సొంత తపాలా, సొంత రైలు, చివర్లో దక్కన్ ఎయిర్‌వేస్ అని సొంత విమానాలు కూడా. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇండియాలోనూ కలవను, పాకిస్తాన్‌లోనూ కలవను, స్వతంత్రంగా ఉంటాను అన్నాడు.

అప్పటి ప్రధాని ఛత్తారీ నవాబు ఢిల్లీతో ఒక సర్దుబాటు ఒప్పందం సిద్ధం చేశాడు. దాన్ని పట్టుకొని ఢిల్లీ బయలుదేరాల్సిన రోజు, 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున, మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ గుంపు ఆయన ఇంటిని, నిజాం సలహాదారు వాల్టర్ మాంక్టన్ ఇంటిని చుట్టుముట్టింది. ప్రయాణం ఆగింది. నిజాం బృందాన్నే మార్చేశాడు. ఛత్తారీ రాజీనామా చేశాడు. ఆ తర్వాత వేరే బృందం వెళ్లి, ఒక ఏడాదికి యథాతథ ఒప్పందం చేసుకొచ్చింది. దానిమీద సంతకం అయింది నవంబర్ 29న.

ఆ సందులోనే కొత్త ప్రధానిగా మీర్ లాయక్ అలీ వచ్చాడు. చదువుకు ఇంజినీరు, వృత్తికి పారిశ్రామికవేత్త. అంతకుముందే ఐక్యరాజ్యసమితిలో పాకిస్తాన్ బృందంతో పనిచేసి వచ్చిన మనిషి. ఎన్నికల్లో గెలిచి వచ్చినవాడు కాదు. రాజు నియమించాడు, ఇత్తెహాద్ ఒప్పుకుంది. రజాకార్ల నాయకుడు కాసిం రజ్వీ వెనక లేకపోతే ఆ కుర్చీ దక్కేది కాదు.

మన మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. పైన రాజు, వెనక గుంపు. కింద ఉన్న కోటీ 60 లక్షల మందిని అడిగినవాడు లేడు. పేరుకు శాసనసభ ఉండేది. అందులో రాజ్య జనాభాలో నూటికి 80 మందికి పైగా ఉన్న హిందువులకు, పదమూడు మంది దాకా ఉన్న ముస్లింలకు సమానంగా సీట్లు పెట్టారు. స్టేట్ కాంగ్రెస్ దాన్ని బహిష్కరించింది.

ఇక్కడ ఒక మాట. దీన్ని హిందూ ముస్లిం తగాదాగా చూస్తే సగమే కనబడుతుంది. ఇండియాలో కలవాలని ఉర్దూలో రాసిన 'ఇమ్రోజ్' పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో చంపేశారు. ఆయన ముస్లిం. అటు పల్లెల్లో రైతులను పీడించిన దేశ్‌ముఖుల్లో ఎక్కువమంది హిందువులు. విసునూరు దొర రామచంద్రారెడ్డి చేతిలో దాదాపు 40 వేల ఎకరాలు ఉండేవంటారు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను కాల్చింది ఆ దొర మనుషులే.

'ఉండి ఉంటే' అన్న మాట నిజంగా ఆగిన చోటు

రూం లొల్లిలో ఎవరూ ఎత్తని సంగతి ఇప్పుడు చెప్తాం. నిజాం రాజ్యం ఇంకొన్నాళ్లు నిలబడే అవకాశం ఒకసారి నిజంగానే వచ్చింది. అది 1948 జూన్.

మౌంట్‌బాటెన్ ఇండియా వదిలి వెళ్లే ముందు ఈ పంచాయితీ తేల్చాలనుకున్నాడు. లాయక్ అలీ, మాంక్టన్ ఢిల్లీకి తిరిగారు. ఒక ముసాయిదా తయారైంది. రక్షణ, విదేశాంగం, రవాణా-తపాలా విషయాల్లో ఢిల్లీ మాట చెల్లాలి. రజాకార్లను దశలవారీగా ఎత్తెయ్యాలి. జనానికి బాధ్యత వహించే ప్రభుత్వం రావాలి. ఇండియాలో చేరాలా వద్దా అన్నది జనాన్నే అడగాలి. మిగతా వ్యవహారం హైదరాబాద్‌ది. ఇంతకంటే మెత్తటి షరతులు ఏ సంస్థానానికీ దొరకలేదు. పటేల్‌కు ఇష్టం లేకపోయినా ఢిల్లీ ఒప్పుకుంది.

నిజాం ఒప్పుకోలేదు. జూన్ మూడో వారంలో మౌంట్‌బాటెన్ ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. తలుపు మూసుకుంది.

రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. ప్రధాని తెచ్చిన కాగితాన్ని రాజు వద్దంటే, ఆ ప్రధాని చెయ్యగలిగింది ఏమీ లేదు. నేను జనం పంపగా వచ్చాను, జనం దగ్గరికే పోయి అడుగుతాను అనడానికి జనం ఆయన వెనక లేరు. ఛత్తారీకి ఎదురైన గోడే ఆయనకూ ఎదురైంది. ఛత్తారీ రాజీనామా చేశాడు. లాయక్ అలీ కుర్చీలో ఉండిపోయాడు. ఆ తర్వాత ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు, కరాచీ నుంచి రాత్రిపూట సిడ్నీ కాటన్ విమానాల్లో ఆయుధాలు, ఊళ్ల మీద రజాకార్ల దాడులు. ఆగస్టు 27న ఇప్పటి సిద్దిపేట జిల్లా బైరాన్‌పల్లిలో ఒక్కరోజే దాదాపు వంద మంది చనిపోయారు.

ఐదు రోజులు, ఆ తర్వాత లెక్క

సెప్టెంబర్ 13న ఇండియా సైన్యం లోపలికి వచ్చింది. 17వ తేదీ పొద్దున లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. సాయంత్రానికి యుద్ధం ఆగింది. ఆరో రోజుకు, సెప్టెంబర్ 23న, నిజాం రేడియోలో మాట్లాడుతూ, ఒక చిన్న గుంపు రాజ్యాన్ని చేతిలోకి తీసుకుని తనను నిస్సహాయుణ్ని చేసిందని చెప్పాడు. అంటే నింద మొత్తం మంత్రుల మీదికి, రజాకార్ల మీదికి పోయింది.

మూడో ప్రశ్న: నష్టం ఎవరికి? వరసగా చూడండి.

రాజుకు: 1950 జనవరి 26 నుంచి 1956 దాకా అదే హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్. ఏడాదికి 50 లక్షల రూపాయల రాజభరణం.

ప్రధానికి: గృహ నిర్బంధం. 1950 మార్చిలో కాపలా కళ్లుగప్పి పాకిస్తాన్ చేరాడు. 1962లో 'ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్' అని తన వైపు కథ రాసుకున్నాడు.

కాసిం రజ్వీకి: 1957 దాకా జైలు. తర్వాత పాకిస్తాన్.

ఖజానాకు: యుద్ధం ఆగిన మూడో రోజున, సెప్టెంబర్ 20న, లాయక్ అలీ మంత్రివర్గంలోని మోయిన్ నవాజ్ జంగ్ హుకుంతో లండన్ బ్యాంకులోని దాదాపు పది లక్షల పౌండ్లు పాకిస్తాన్ హైకమిషనర్ ఖాతాలోకి వెళ్లాయి. నాకు తెలియకుండా జరిగింది, తిరిగివ్వండి అని నిజాం అడిగాడు. ఆ కేసు 2019 అక్టోబర్‌లో తేలింది. అప్పటికి మూడున్నర కోట్ల పౌండ్లు అయింది. ఇండియాకు, నిజాం వారసులకు అనుకూలంగా తీర్పు వచ్చింది.

మరి జనానికి? సైన్యం వచ్చాక, ముఖ్యంగా మరాఠ్వాడా, బీదర్, గుల్బర్గా వైపు, ముస్లింల మీద ప్రతీకార దాడులు జరిగాయి. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం అంచనా ప్రకారం చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల మంది. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయట పెట్టలేదు. అంతకుముందు ఏడాది రజాకార్ల చేతిలో పోయినవాళ్లు వేరే. అటు సచ్చింది పేదోడే, ఇటు సచ్చింది పేదోడే. వాళ్లలో ఒక్కరు కూడా లాయక్ అలీని ఎన్నుకోలేదు, జూన్ ఒప్పందం కాదనలేదు.

ఈసారి రూంలో 'విమోచన', 'విద్రోహం' అని గొంతు లేచినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకుంటే చాలు. బైరాన్‌పల్లి వాళ్ల మనవడికి అది విమోచనే. ఉస్మానాబాద్‌లో తాతను పోగొట్టుకున్నవాడికి అదే మాట ముల్లులా గుచ్చుకుంటుంది. ఇద్దరి దుఃఖమూ నిజమే.

బలద్‌లో వేపచెట్టు కింద

ఇదంతా మన దగ్గరే జరిగిందనుకోకండి. మనం ఇప్పుడు తిరుగుతున్న జెద్దా కూడా ఒకప్పుడు వేరే రాజ్యంలో ఉండేది. దాని పేరు హిజాజ్. 1916లో షరీఫ్ హుస్సేన్ తుర్కులకు ఎదురు తిరిగి రాజయ్యాడు. 1924 సెప్టెంబర్‌లో నజ్ద్ వైపు నుంచి వచ్చిన సేనలు తాయిఫ్ తీసుకున్నాయి. అక్కడ రక్తం పారింది.

అప్పుడు జెద్దా పెద్దలు, వ్యాపారులు ఒకచోట కూడి, అక్టోబర్ మొదట్లో రాజుకే కబురు పెట్టారు: మీరు గద్దె దిగండి. ఆయన దిగాడు. కొడుకు అలీ రాజయ్యాడు. ఏడాదికి పైగా జెద్దాలో నిలబడ్డాడు, చాలాకాలం ముట్టడిలోనే. 1925 డిసెంబర్‌లో ఒప్పందం మీద ఊరు అప్పగించి వెళ్లిపోయాడు. అందువల్ల తాయిఫ్‌లో జరిగింది జెద్దాలో జరగలేదు. రాజు అబ్దుల్ అజీజ్ ఊళ్లోకి వచ్చి బలద్‌లోని నసీఫ్ ఇంట్లో దిగాడు. ఆ తర్వాత 1932 సెప్టెంబర్ 23న రెండు రాజ్యాలు ఒకటై సౌదీ అరేబియా అన్న పేరొచ్చింది. మనకు నేషనల్ డే సెలవు అందుకే.

నసీఫ్ ఇల్లు ఇప్పటికీ ఉంది. దాని ముందు ఒక పాత వేపచెట్టు ఉంటుంది. ఒకప్పుడు ఊరు మొత్తానికి అదొక్కటే చెట్టట, అందుకే దాన్ని చెట్టున్న ఇల్లు అనేవాళ్లు. జుమ్మా రోజు బలద్ వెళ్తే ఒకసారి ఆ చెట్టు కింద నిలబడి చూడండి.

రెండు ఊళ్ల మధ్య తేడా ఎక్కడుంది? జెద్దాలో రాజుతో 'ఇక చాలు' అనగలిగినవాళ్లు కొందరు పెద్దలైనా ఉన్నారు. హైదరాబాద్‌లో ఆ మాట అన్న షోయబుల్లా ఖాన్‌ను చంపేశారు.

మరి మనం జెద్దా వచ్చేవాళ్లమా?

ఇక తమ్ముడి ప్రశ్న. దీనికి తలకిందుల జవాబు ఒకటుంది. నిజాం కాలంలో అరబ్బులే మన దగ్గరికి పనికి వచ్చేవాళ్లు. ఇప్పటి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి కుర్రాళ్లు ఓడ ఎక్కి వచ్చి నిజాం దళాల్లో చేరేవాళ్లు. హైదరాబాద్‌లో బార్కస్ అనే పేరు బ్యారక్స్ అన్న మాట నుంచే వచ్చింది. వాళ్లూ ఇంటికి డబ్బు పంపేవాళ్లు. 1948లో దళాలు రద్దవగానే ఉద్యోగాలు పోయాయి, చాలామందిని తిప్పి పంపారు. రాజ్యం కూలితే వలస కూలీకి ముందు పోయేది నౌకరీ.

అంటే రాజ్యం ఉండి ఉంటే మనకు అక్కడే పని దొరికేదా? అలా అనిపిస్తే భూమి లెక్క చూడండి. నిజాం రాజ్యంలో భూమిలో దాదాపు పదో వంతు రాజు సొంతం, అదే సర్ఫేఖాస్. ఇంకో మూడు వంతులు జాగీర్లు. సర్కారు కింద ఉన్న మిగతా ఆరు వంతుల్లోనూ ఊళ్ల మీద పెత్తనం దేశ్‌ముఖులదే. జాగీర్లు రద్దయింది 1949లో, రాజ్యం పోయాకే. నీళ్లు లేని చేను, తీరని అప్పు, ఇవే కరీంనగర్, నిజామాబాద్, పాలమూరు మనుషులను ఊరు దాటించాయి. 1973 తర్వాత నూనె ధర పెరిగి గల్ఫ్‌లో పనులు వచ్చాయి. హైదరాబాద్‌లో రాజు ఉన్నా, ముఖ్యమంత్రి ఉన్నా ఆ నూనె ఇక్కడే ఉండేది. మన చేను బాగుపడకపోతే మనం ఇక్కడికే వచ్చేవాళ్లం. పాస్‌పోర్టు మీద బొమ్మ మాత్రం వేరేది ఉండేదేమో.

ఆ పాత రాజ్యం గీత ఒకటి ఇక్కడ ఇంకా చెరగలేదు. మక్కాలో నిజాం రుబాత్ ఉంది. హజ్‌కు వచ్చేవాళ్లకు ఉచిత వసతి. ఎవరికి? పాత హైదరాబాద్ రాజ్యం జిల్లాల వాళ్లకే. తెలంగాణ వాళ్లకు, ఔరంగాబాద్, బీదర్ వాళ్లకు దొరుకుతుంది. గుంటూరు వాళ్లకు దొరకదు. రాజ్యం పోయి ముప్పావు శతాబ్దం దాటినా దాని పటం ఒక గది తాళంచెవిలో బతికే ఉంది.

ఇప్పుడు మన మూడు ప్రశ్నలు

మనం బతుకుతున్నది రాజ్యంలో. 1992లో వచ్చిన పరిపాలన మూల చట్టం ప్రకారం ఇక్కడ రాజే ప్రధాని. 2022 సెప్టెంబర్ 27న రాజ శాసనంతో యువరాజు మొహమ్మద్ బిన్ సల్మాన్ ప్రధాని అయ్యారు. మన ఇకామా, కఫీల్ మార్పు, ఎగ్జిట్ రీఎంట్రీ నియమాలన్నీ పై నుంచే వస్తాయి. ఉదాహరణకు 2021 మార్చి 14 నుంచి కొన్ని షరతుల మీద యజమాని అనుమతి లేకుండా కంపెనీ మారొచ్చు అన్నారు. హౌస్ డ్రైవర్లకు, ఇంటి పనివాళ్లకు అది వర్తించలేదు. మనం విదేశీయులం, ఇక్కడ మనల్ని అడగరు. మనం చెయ్యగలిగింది, ఏ నియమం ఎవరికి వర్తిస్తుందో అబ్‌షెర్, కివా లాంటి చోట్ల సరిగ్గా చూసుకోవడం. వాట్సాప్‌లో 'క్షమాభిక్ష వచ్చిందట' అన్న మాట నమ్మి డ్యూటీ వదిలేస్తే, ఆ 'అట' అన్నవాడు మన టికెట్ కొనడు.

అడిగే హక్కు మనకు ఉన్నది మన ఊళ్లో. కానీ దాన్ని వాడాలంటే విమానం ఎక్కాలి. 2010లో చట్టం మారి, విదేశాల్లో ఉన్న భారతీయులు ఫారం 6ఏ పెట్టి పాస్‌పోర్టులోని ఊరి చిరునామా దగ్గర ఓటరుగా నమోదు కావచ్చు. ఓటు మాత్రం స్వయంగా ఆ బూత్‌కు వెళ్లే వెయ్యాలి. నెలకు పదిహేను వందల రియాళ్ల మనిషి ఓటు కోసం టికెట్ కొంటాడా?

అయినా దారి పూర్తిగా మూసుకోలేదు. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. అది ఏళ్ల తరబడి గల్ఫ్ సంఘాలు అడిగితే, మన ఇళ్లలో అమ్మలు, భార్యలు, తమ్ముళ్లు ఓటర్లు కాబట్టి వచ్చింది. లాయక్ అలీకి అలాంటి ఓటరు ఒక్కడు కూడా లేడు. ఆయనకూ లేడు, ఆయన జనానికీ ఆయన లేడు.

కాబట్టి తమ్ముడూ, నిజాం ఉండి ఉంటే ఏమయ్యేదని రూంలో వాదించుకోండి, తప్పులేదు. కానీ ఈ వారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఇంకో మాట కూడా అడగండి: ఓటర్ల జాబితాలో మన ఇంట్లో ఎవరెవరి పేర్లు ఉన్నాయి? మీ జవాబులు వాయిస్ మెసేజ్‌లో పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాం.